కంట్రీ పాట, రాక్ బ్యాండ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత రాక్ ఆల్బమ్‌లు వినేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఒక అనుమానం వస్తుంది. అప్పటిదాకా గిటార్లు హోరెత్తించిన బ్యాండ్ ఉన్నట్టుండి ఫిడేలు, బాంజో పట్టుకుని, పల్లెటూరి యాసలో జైలు గురించో అమ్మ గురించో పాడుతుంది. సరదాకి పాడారా, మనసుపెట్టి పాడారా? బర్డ్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ ఆల్బమ్ మొదటిసారి విన్న రోజు నాకూ ఇదే అనుమానం వచ్చింది. అప్పటినుంచి ఏళ్ల తరబడి అసలు పాటలు వెతుక్కుని వింటూనే ఉన్నాను. గిటార్ నేర్చుకునే పిల్లలు, నాతో కూర్చుని పాటలు వినే స్నేహితులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి.

కంట్రీ రాక్ అంటే సరిగ్గా ఏంటి?

రాక్ బ్యాండ్ వాయిద్యాలతో, రాక్ కుర్రాళ్ల గొంతుతో, అమెరికా పల్లె సంగీతమైన కంట్రీ పాట పద్ధతిలో పాడిన సంగీతం. ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన, బల్లలా నిలబెట్టి కడ్డీ జార్చి వాయించే పెడల్ స్టీల్ గిటార్ చేరుతుంది. ఇద్దరు ముగ్గురు గొంతులు కలిపి పాడతారు. పాటలో ఒక చిన్న కథ ఉంటుంది. పేరు స్థిరపడింది 1968 ప్రాంతంలో, ఎక్కువగా లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల. 1970ల మధ్యకొచ్చేసరికి రేడియోలో మామూలు పాట అయిపోయింది.

1950లలో వచ్చిన రాకబిలీ వేరు, ఆల్‌మన్ బ్రదర్స్, లినర్డ్ స్కినర్డ్ లాంటి బ్యాండ్ల సదరన్ రాక్ వేరు. చుట్టరికం మాత్రం అన్నిటికీ ఉంది.

కంట్రీ అంటే మన జానపదం లాంటిదేనా? తెల్లవాళ్ల సంగీతం అంటారు కదా?

సగం నిజం. అప్పలాచియన్ కొండల్లో స్థిరపడ్డ స్కాట్లండ్, ఐర్లండ్, ఇంగ్లండ్ వలసదారుల కథాగేయాలు, ఫిడేలు వరసలు ఇందులో ఉన్నాయి. కానీ బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో వచ్చిన వాయిద్యం. తీగ మీద కడ్డీ జార్చి వాయించే స్టీల్ గిటార్ హవాయి దీవులది. బ్లూస్ నల్లవాళ్లది. ఇవన్నీ తీసేస్తే కంట్రీలో మిగిలేది చాలా తక్కువ.

మనుషుల్ని చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. తొలినాటి కంట్రీ బృందం కార్టర్ ఫ్యామిలీకి పెద్ద ఏ.పీ. కార్టర్ పాటలు సేకరించడానికి ఊళ్లు తిరిగేటప్పుడు ఆయన వెంట ఉన్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. కార్టర్ సాహిత్యం రాసుకుంటే, వరస రిడిల్ గుర్తుపెట్టుకునేవాడు. తర్వాత కంట్రీ తార అయిన హ్యాంక్ విలియమ్స్‌కి కుర్రతనంలో గిటార్ నేర్పింది అలబామా వీధుల్లో పాడే రూఫస్ పేన్, ఆయన కూడా నల్లజాతి కళాకారుడే. కంట్రీ గాయకుడు జిమ్మీ రోజర్స్ 1930లో రికార్డు చేసిన ఒక బ్లూ యోడెల్ పాటలో ట్రంపెట్ వాయించింది నల్లజాతి జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమం తొలినాటి తారల్లో మౌతార్గాన్ వాయించిన నల్లజాతి కళాకారుడు డిఫర్డ్ బెయిలీ ఒకడు. కాబట్టి తెల్లవాళ్ల సంగీతం అన్న మాట రికార్డు కంపెనీలు దుకాణంలో అరలు వేరు చేయడానికి పెట్టుకున్న లెక్క మాత్రమే.

జానపదంతో పోలిక ఇంకో చోట కూడా తెగిపోతుంది. కంట్రీ మొదటినుంచీ రికార్డులతో, రేడియోతో పెరిగింది. 1927 జులై చివర్లో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన బ్రిస్టల్ ఊళ్లో, ఒకప్పుడు టోపీల వ్యాపారం నడిచిన భవనంలో రికార్డింగ్ యంత్రం పెట్టి చుట్టుపక్కల పాడేవాళ్లని పిలిచాడు. కార్టర్ ఫ్యామిలీ, జిమ్మీ రోజర్స్ ఇద్దరూ లోకానికి తెలిసింది ఆ కొద్ది రోజుల్లోనే. ఊరి మధ్య వీధికి ఒక పక్క టెనెసీ రాష్ట్రం, ఇంకో పక్క వర్జీనియా. రెండు రాష్ట్రాల సరిహద్దు మీద మొదలైన ఈ సంగీతం ఆ తర్వాత ఏ సరిహద్దునీ పెద్దగా లెక్కచేయలేదు.

రాక్ వాళ్లు కంట్రీని ఎప్పుడు అందిపుచ్చుకున్నారు?

రాక్ పుట్టినప్పుడే దాని ఒంట్లో కంట్రీ ఉంది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. 1968లో ఎవరో కాలిఫోర్నియా కుర్రాళ్లు రెండు వేరువేరు వస్తువుల్ని తెచ్చి అతికించారని చాలామంది అనుకుంటారు. వాళ్లు చేసింది విడిపోయిన అన్నదమ్ముల్ని మళ్లీ ఒక ఇంట్లో కూర్చోబెట్టడం.

ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డునే చూడండి. 1954 జులై, మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ నడిపే సన్ రికార్డ్స్. రికార్డుకి ఒక వైపు ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడి బ్లూస్ పాట. రెండో వైపు బ్లూగ్రాస్ (ఫిడేలు, బాంజో, మాండలిన్‌తో సాగే కంట్రీ శైలి) పెద్దాయన బిల్ మన్రో రాసి, 1946లో రికార్డు చేసిన "బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ". మన్రో పాడింది వాల్ట్స్, అంటే మన లెక్కలో తిస్ర నడక. ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు అంటూ ఊయల ఊగినట్టు సాగుతుంది. ఎల్విస్, గిటార్ వాయించే స్కాటీ మూర్, బాస్ వాయించే బిల్ బ్లాక్ దాన్ని చతురస్ర నడకలోకి తెచ్చి వేగం పెంచారు. డ్రమ్స్ లేవు. బాస్ తీగల్ని వేళ్లతో లాగి చెక్క మీద కొడితే వచ్చే చప్పుడే తాళం. మాట మారలేదు, వరస పెద్దగా మారలేదు, నడక మారింది. ప్రియురాలు వదిలి వెళ్లిపోయిందన్న దిగులు పాటకి గెంతులొచ్చాయి.

చక్ బెర్రీ తొలి హిట్ "మేబలీన్" 1955లో వచ్చింది. దాని కింద ఉన్నది "ఐడా రెడ్" అనే పాత ఫిడేలు పాట. టెక్సస్‌లో బాబ్ విల్స్ బ్యాండ్ దాన్ని 1938లో రికార్డు చేసింది. సెయింట్ లూయిస్ క్లబ్బుల్లో బెర్రీ ఇలాంటి పల్లె పాటలు పాడి జనాన్ని నవ్విస్తూ, ఆడిస్తూ పేరు తెచ్చుకున్నాడు. బిల్ హేలీ బ్యాండ్ పేరు కామెట్స్ కాకముందు శాడిల్‌మెన్. వాళ్లు కౌబాయ్ పాటలు పాడేవాళ్లు.

రే చార్ల్స్‌ని కూడా ఇందులో చెప్పుకోవాలా?

తప్పకుండా. ఆయనది రాక్ బ్యాండ్ కాదు, కానీ ఈ నల్లజాతి గాయకుడు 1962లో ఒక ఆల్బమ్ నిండా కంట్రీ పాటలు సోల్ (నల్లవాళ్ల చర్చి పాటల్లోంచి వచ్చిన శైలి) గొంతుతో, పెద్ద ఆర్కెస్ట్రాతో పాడి చూపించాడు. డాన్ గిబ్సన్ రాసిన "ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ" ఐదు వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. పాటకి రంగు, కులం అంటగట్టేవాళ్ల నోరు మూయించిన ఆల్బమ్ అది. తర్వాత వచ్చిన రాక్ వాళ్లందరికీ దారి వేసింది ఆయనే అంటాను.

బీటిల్స్ కూడా కంట్రీ పాట పాడారట, నిజమేనా?

నిజమే. 1965లో "హెల్ప్!" ఆల్బమ్‌లో రింగో స్టార్ పాడిన "యాక్ట్ నేచురలీ" కంట్రీ గాయకుడు బక్ ఓవెన్స్ పాట. జానీ రస్సెల్, వోనీ మారిసన్ కలిసి రాశారు. 1963లో బక్ ఓవెన్స్‌కి మొదటి నంబర్ వన్ కంట్రీ హిట్ అదే. అమెరికాలో బీటిల్స్ రికార్డు "యెస్టర్‌డే"కి వెనకవైపు వచ్చింది కాబట్టి ఆ పాట చేరని ఇల్లు లేదు. లివర్‌పూల్ ఓడరేవు ఊరు. అమెరికా నుంచి ఓడల మీద వచ్చిన రికార్డులు అక్కడి కుర్రాళ్ల చేతుల్లో పడేవి, రింగోకి ఆ పాటలంటే ప్రాణం. 1970లో ఆయన కంట్రీ రికార్డింగులకి కేంద్రమైన నాష్‌విల్ వెళ్లి ఒక ఆల్బమ్ మొత్తం కంట్రీ పాటలే పాడాడు. 1989లో బక్ ఓవెన్స్, రింగో కలిసి ఇదే పాటని మళ్లీ రికార్డు చేశారు. రింగో గొంతు గొప్పది కాదు, కానీ ఈ పాటకి గొప్ప గొంతు అక్కర్లేదు, అమాయకంగా పాడితే చాలు.

బేకర్స్‌ఫీల్డ్ పేరు ఎందుకు ఇన్నిసార్లు వస్తుంది?

1960లలో నాష్‌విల్ స్టూడియోలు కంట్రీ పాటని నగరం జనానికి నచ్చేలా మెత్తబరిచాయి. వయొలిన్ల బృందం, వెనకాల కోరస్, ఫిడేలు, స్టీల్ తగ్గించడం. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ వాళ్లు దీనికి పూర్తిగా ఎదురు వెళ్లారు. 1930లలో కరువు, దుమ్ము తుఫాన్లు తట్టుకోలేక ఓక్లహామా, టెక్సస్ నుంచి పొట్టచేత పట్టుకుని వలసవచ్చి, పత్తి చేలల్లో, చమురు బావుల్లో పనిచేసిన కుటుంబాల ఊరు అది. రోజంతా పనిచేసి రాత్రి బార్‌లో డ్యాన్స్ చేసేవాళ్లకి పాట గట్టిగా వినిపించాలి. అందుకే టెలికాస్టర్ గిటార్, పదునైన శబ్దం, సూటి డ్రమ్స్. బక్ ఓవెన్స్ పక్కన గిటార్ వాయిస్తూ పైస్వరంలో గొంతు కలిపిన డాన్ రిచ్‌ని వినండి. రాక్ గిటారిస్టులకి ఆ శబ్దం ఎందుకు పట్టిందో వెంటనే అర్థమవుతుంది.

మెర్ల్ హ్యాగర్డ్ అక్కడివాడే. రైలు పెట్టెని ఇల్లుగా మార్చుకున్న కుటుంబంలో 1937లో పుట్టాడు. కుర్రతనంలో దొంగతనాలు చేసి శాన్ క్వెంటిన్ జైలుకి వెళ్లాడు. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ ఆ జైలుకి వచ్చి పాడినప్పుడు ఖైదీల్లో కూర్చుని విన్నవాళ్లలో హ్యాగర్డ్ ఒకడు. 1968లో వచ్చిన ఆయన "మామా ట్రైడ్"ని హిప్పీ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ ఏడాది తిరిగేసరికి పాడటం మొదలుపెట్టింది. 1969లో వుడ్‌స్టాక్ వేదిక మీద కూడా పాడింది. హిప్పీలని ఎత్తిపొడుస్తూ అదే ఏడాది పాట కట్టిన హ్యాగర్డ్ బాణీని ఆ హిప్పీలే ప్రేమగా పాడుకున్నారు. రాజకీయంగా చెరో ఒడ్డున ఉన్నా, తల్లి మాట వినలేదన్న బాధ దగ్గర ఇద్దరూ ఒకటే.

"స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో" ఆల్బమ్‌ని అంత పెద్దగా ఎందుకు చెబుతారు?

బర్డ్స్ అప్పటికే పెద్ద రాక్ బ్యాండ్. బాబ్ డిలన్ పాటల్ని పన్నెండు తీగల గిటార్ మీద మెరిపించినవాళ్లు. 1965లోనే "శాటిస్‌ఫైడ్ మైండ్" అనే కంట్రీ పాట పాడారు కూడా. బాస్ వాయించే క్రిస్ హిల్‌మన్ అసలు మాండలిన్‌తో బ్లూగ్రాస్ బ్యాండ్లలో పెరిగినవాడు. 1968 మొదట్లో గ్రామ్ పార్సన్స్ అనే 21 ఏళ్ల అమెరికా దక్షిణాది కుర్రవాడు చేరాడు. నాయకుడు రోజర్ మెగ్విన్ అమెరికా సంగీత చరిత్ర మొత్తాన్ని ఒక ఆల్బమ్‌లో చెప్పాలని కలగన్నాడట. పార్సన్స్, హిల్‌మన్ కలిసి ఆయన్ని కంట్రీ వైపు లాక్కెళ్లారు.

ఆ మార్చిలో నాష్‌విల్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి, మిగతాది లాస్ ఏంజెలిస్‌లో పూర్తిచేశారు. పెడల్ స్టీల్‌కి లాయిడ్ గ్రీన్, జేడీ మేనెస్, బాంజోకి, ఫిడేలుకి జాన్ హార్ట్‌ఫర్డ్, గిటార్‌కి క్లారెన్స్ వైట్. అంటే కంట్రీ లోపలివాళ్లనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పాటల ఎంపిక చూడండి: లూవిన్ బ్రదర్స్ భక్తి పాట, మెర్ల్ హ్యాగర్డ్ జైలు పాట, వుడీ గథ్రీ దొంగ కథ, విలియం బెల్ సోల్ పాట, రెండు డిలన్ పాటలు. సోల్ పాటని స్టీల్ గిటార్‌తో కంట్రీ పాట చేసేశారు. నల్లవాళ్ల సోల్‌కీ తెల్లవాళ్ల కంట్రీకీ మధ్య గోడ ఎంత పలచనో ఆ ఒక్క పాట చాలు చెప్పడానికి.

ఆగస్టులో విడుదలైతే బిల్‌బోర్డ్ పట్టికలో 77వ స్థానం దాటలేదు. రాక్ అభిమానులకి ముసలివాళ్ల పాటల్లా అనిపించింది, కంట్రీ అభిమానులకి జుట్టు పెంచిన కుర్రాళ్ల మీద నమ్మకం లేదు. ఇద్దరికీ కాకుండా పోయిన ఆల్బమ్ తర్వాతి తరం బ్యాండ్లకి పాఠ్యపుస్తకం అయింది.

గ్రాండ్ ఓల్ ఆప్రీలో ఆ రోజు ఏం జరిగింది?

ఆప్రీ అంటే కంట్రీ వాళ్లకి తిరుపతి లాంటి చోటు. 1925 నుంచి నాష్‌విల్ రేడియో స్టేషన్‌లో నడుస్తున్న కార్యక్రమం. అప్పట్లో రైమన్ ఆడిటోరియంలో జరిగేది. ఆ హాలు మొదట ప్రార్థనల కోసం కట్టింది, ప్రేక్షకులు కూర్చునేది చర్చి బల్లల మీదే. 1968 మార్చిలో రికార్డు కంపెనీ పలుకుబడితో బర్డ్స్‌కి అక్కడ పాడే అవకాశం దొరికింది. వెళ్లేముందు జుట్టు కూడా కత్తిరించుకున్నారు. అయినా జనం ఎగతాళిగా అరిచారు.

మెర్ల్ హ్యాగర్డ్ పాటలు రెండు పాడతామని ముందే ఒప్పుకున్నారు. మొదటిది "సింగ్ మీ బ్యాక్ హోమ్". ఉరికి వెళ్లే ఖైదీ ఆఖరి కోరికగా ఒక పాత పాట పాడమని అడిగే కథ. అది పాడారు. రెండోది కూడా హ్యాగర్డ్ పాటే అని ప్రకటన వచ్చింది. అప్పుడు పార్సన్స్ మైకు ముందుకొచ్చి, మా నానమ్మకి అంకితం అంటూ తను బాబ్ బుకానన్‌తో కలిసి రాసుకున్న "హికరీ విండ్" అందుకున్నాడు. ప్రత్యక్ష ప్రసారం, ఆపడానికి వీల్లేదు. నిర్వాహకులు మండిపడ్డారు.

క్రమశిక్షణ లేదని కొందరు ఇప్పటికీ తప్పుపడతారు. నేను ఆ కుర్రవాడి వైపే. ఆప్రీ రేడియోలో వింటూ పెరిగిన దక్షిణాది ఇంటి పిల్లవాడు, ఎగతాళి చేస్తున్న జనం ముందు, పెద్దలకిచ్చిన మాట తప్పి మరీ తన ఊరి చెట్ల మీద గాలి గురించి పాడాడు. నేనూ మీవాడినే అని చెప్పడానికి అంతకన్నా సూటి దారి ఆయనకి కనిపించి ఉండదు. అదే పర్యటనలో నాష్‌విల్ రేడియోలో ఒక పేరున్న డీజే వాళ్ల రికార్డు వేయడానికి ఇష్టపడక మాటలతో చిన్నబుచ్చాడు. ఆ కోపంలో మెగ్విన్, పార్సన్స్ ఆయన మీద ఒక పాట కట్టారు.

గ్రామ్ పార్సన్స్ అంత గొప్పవాడా, లేక చిన్నవయసులో పోయాడు కాబట్టి అలా అంటున్నారా?

ఆయన చావు చుట్టూ అల్లుకున్న కథలు చాలా ఉన్నాయి. వాటి జోలికి నేను వెళ్లను, అవి పాటని మింగేస్తున్నాయి. ఫ్లోరిడాలో 1946లో పుట్టి, జార్జియాలో పెరిగి, హార్వర్డ్‌లో చేరి కొద్ది నెలల్లోనే వదిలేశాడు. బర్డ్స్‌లో ఉన్నది అర సంవత్సరం లోపే. దక్షిణాఫ్రికా పర్యటనకి వెళ్లనని 1968 జులైలో బయటికొచ్చేశాడు. తర్వాత హిల్‌మన్‌తో కలిసి ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ పెట్టి 1969లో మొదటి ఆల్బమ్ తెచ్చాడు. కంట్రీ తారలకి మెరుపుల దుస్తులు కుట్టే నూడీ కోన్ దగ్గర వాళ్లూ సూట్లు కుట్టించుకున్నారు. ఆ ఆల్బమ్‌లో రెండు సోల్ పాటల్ని కంట్రీగా పాడారు. 1973 సెప్టెంబర్‌లో, 26 ఏళ్లకే పోయాడు.

గొంతు నున్నగా ఉండదు, అక్కడక్కడా వణుకుతుంది, శ్రుతి అంచు మీద నడుస్తుంది. కానీ పాటని నమ్మి పాడతాడు. గాయని ఎమీలూ హ్యారిస్‌తో గొంతు కలిపిన "లవ్ హర్ట్స్" వినండి. బూడ్లో బ్రయంట్ రాసిన పాట, ఎవర్లీ బ్రదర్స్ 1960లో పాడారు. స్కాట్లండ్ రాక్ బ్యాండ్ నజరెత్ గొంతు చించుకుని పాడి దాన్నే పెద్ద హిట్ చేసింది, ఇండియాలో రాక్ వినేవాళ్లు చాలామందికి తెలిసింది కూడా అదే. మూడూ పక్కపక్కన పెట్టి వింటే నాకు పార్సన్స్, ఎమీలూ పాడిందే గుండెకి తగులుతుంది. ఇద్దరూ అరవరు, ఏడవరు, ఒకరి ఊపిరి ఒకరు చూసుకుంటూ పాడతారు. ఆయన పోయాక ఆ పాటల్ని ఊరూరా మోసింది ఎమీలూనే.

పెడల్ స్టీల్ ఏడుస్తున్నట్టు ఎందుకు వినిపిస్తుంది?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకి ముందు చిత్రవీణ వినమంటాను. మన గోటువాద్యమే. మెట్లు ఉండవు, తీగల మీద ఒక దిమ్మె జారుతుంది, స్వరం నుంచి స్వరానికి తెగకుండా వెళుతుంది. పెడల్ స్టీల్‌లోనూ ఎడమ చేతిలో ఇనుప కడ్డీ తీగల మీద జారుతుంది. ఇక్కడ అదనంగా ఉన్నవి కాళ్లు. బల్లలా నిలబెట్టిన ఆ వాయిద్యానికి మామూలుగా పది తీగలు. కింద పెడల్స్, మోకాళ్లతో నెట్టే మీటలు ఉంటాయి. మూడు తీగలు కలిపి మీటి పెడల్ నొక్కితే ఒక తీగ స్వరం పైకి సాగుతుంది, పక్క తీగ కదలకుండా ఉంటుంది. ఒక గొంతు నిలబడి ఉంటే ఇంకో గొంతు జారుతూ వచ్చి దాన్ని కలుసుకున్నట్టు. వాల్యూమ్ పెడల్‌తో స్వరం మొదలును మెత్తబరుస్తారు, మీటిన చప్పుడు వినిపించదు, ఏడుపు గొంతులోంచి ఊరినట్టు ఉంటుంది. రెండు చేతులు, రెండు కాళ్లు, రెండు మోకాళ్లు ఒకేసారి పనిచేస్తాయి.

స్టీల్ వాయించడం రాని గిటారిస్టుల బాధ క్లారెన్స్ వైట్‌కి తెలుసు. ఆయన, డ్రమ్మర్ జీన్ పార్సన్స్ (గ్రామ్ కాదు, వేరే ఆయన) కలిసి టెలికాస్టర్‌ని తొలిచి లోపల మీటలు బిగించారు. భుజం మీద పట్టీ తగిలించే బొడిపె ఆ మీటలకి కలిసి ఉంటుంది. గిటార్ మెడని కిందికి నొక్కితే పట్టీ బొడిపెని లాగుతుంది, రెండో తీగ సరిగ్గా ఒక పూర్తి స్వరం పైకి వెళుతుంది. వీణ మీద వేలితో తీగని పక్కకి లాగి పలికించే పనిని భుజంతో చేయించారన్నమాట. నేను క్లారెన్స్ వైట్ వాయింపుని సగం వేగంతో పెట్టుకుని వారం రోజులు విన్నాను. వేలు ఎక్కడ ఆగిందో, భుజం ఎక్కడ అందుకుందో ఇప్పటికీ కొన్నిచోట్ల పట్టుకోలేకపోయాను.

ఈగల్స్ లేకుండా కంట్రీ రాక్ చెప్పుకోవచ్చా?

చెప్పుకోకూడదు, కానీ వాళ్లతోనే మొదలుపెట్టకూడదు. 1971లో గాయని లిండా రాన్‌స్టాట్ వెనక వాయించడానికి చేరిన గ్లెన్ ఫ్రై, డాన్ హెన్లీ, ఆ తర్వాత బర్నీ లీడన్, రాండీ మైస్నర్ కలిసి ఈగల్స్ అయ్యారు. లీడన్ అంతకుముందు బరీటో బ్రదర్స్‌లో వాయించాడు. వాళ్లు పాత కంట్రీ పాటలు పాడటం కన్నా ఆ రుచితో సొంత పాటలు రాసుకోవడం ఎక్కువ. పాలిష్ ఎక్కువ, గరుకుదనం తక్కువ. వేరేవాళ్ల పాటల్ని మళ్లీ పాడే కవర్ల విషయంలో నా ఓటు లిండాకే. హ్యాంక్ విలియమ్స్ పాట "ఐ కాంట్ హెల్ప్ ఇట్" 1974లో ఆమె పాడితే ఎమీలూ పక్కన గొంతు కలిపింది. ఆ పాటకి లిండాకి కంట్రీ గాయనిగా గ్రామీ వచ్చింది.

పాత కంట్రీ పెద్దలు వీళ్లని ఎప్పటికైనా ఒప్పుకున్నారా?

అందరూ కాదు. కానీ 1971 ఆగస్టులో నాష్‌విల్‌లో జరిగింది నాకు చాలా ఇష్టం. కాలిఫోర్నియా నుంచి వచ్చిన నిటీ గ్రిటీ డర్ట్ బ్యాండ్ కుర్రాళ్లు బాంజో దిగ్గజం ఎర్ల్ స్క్రగ్స్ సాయంతో పెద్దలందర్నీ ఒక స్టూడియోలోకి పిలిచారు. కార్టర్ ఫ్యామిలీలో గిటార్ వాయించిన మేబెల్ కార్టర్ వచ్చింది, అప్పటికి ఆమెకి 62 ఏళ్లు. బ్రిస్టల్‌లో 1927లో వాయించిన చెయ్యి అది. డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్, జిమ్మీ మార్టిన్ వచ్చారు. బిల్ మన్రో రానన్నాడు. ఆప్రీకి పెద్దదిక్కు లాంటి రాయ్ అకఫ్ మొదట అనుమానపడి, కుర్రాళ్లు రికార్డు చేసినది విన్నాక ఒప్పుకుని వచ్చి పాడాడు.

మరుసటి ఏడాది మూడు ఎల్పీల సెట్‌గా వచ్చిన ఆ ఆల్బమ్‌లో పాటల మధ్య మాటల్ని కూడా ఉంచారు. ఒకచోట డాక్ వాట్సన్, మెర్ల్ ట్రావిస్ మాట్లాడుకుంటారు. ఇద్దరూ కలవడం అదే మొదటిసారి. చూపులేని డాక్ వాట్సన్ ఏళ్ల తరబడి ట్రావిస్ రికార్డులు విని నేర్చుకున్నాడు, కొడుక్కి మెర్ల్ అని ఆయన పేరే పెట్టుకున్నాడు. ఆ సంగతి అక్కడ ఎదురుగా చెబుతాడు. పాట కాని ఆ నిమిషం కోసమే నేను ఆ రికార్డు మళ్లీ పెడతాను.

మంచి కవర్ ఏదో, చెడ్డది ఏదో ఎలా తెలుస్తుంది?

నా కొలత ఒకటే: పాడేవాడు పాటలోని మనిషిని నమ్మాడా, వెక్కిరిస్తున్నాడా? బర్డ్స్ ఆల్బమ్‌లోనే రెండూ దొరుకుతాయి. లూవిన్ బ్రదర్స్ భక్తి పాట "ద క్రిస్టియన్ లైఫ్" మెగ్విన్ పాడాడు, కానీ దక్షిణాది యాసని అరువు తెచ్చుకున్నట్టు లాగి లాగి పాడాడు. అదే పాటని పార్సన్స్ పాడిన రికార్డింగ్ పాత కంపెనీ ఒప్పందం గొడవ వల్ల అప్పట్లో బయటికి రాలేదు, ఏళ్ల తర్వాత వచ్చింది. దాంట్లో నటన లేదు. ఇలాంటి తేడా మన యాసల విషయంలో మనకి బాగా తెలుసు. శ్రీకాకుళం మనిషి తన యాసలో మాట్లాడటం వేరు, సినిమాలో కమెడియన్ ఆ యాసని అనుకరించడం వేరు.

నమ్మి పాడటం అంటే ఉన్నదున్నట్టు దించడం కాదు. టొరంటోలో ఒక చర్చిలో 1987 నవంబర్‌లో కౌబాయ్ జంకీస్ ఒకే ఒక్క మైకు చుట్టూ నిలబడి ఆల్బమ్ రికార్డు చేశారు. అందులో హ్యాంక్ విలియమ్స్ ఒంటరితనం పాట ఇంకా నెమ్మదించి, దాదాపు గుసగుసలా వినిపిస్తుంది. ఏదీ హ్యాంక్ లాగా లేదు, అయినా ఆ ఒంటరితనం అదే.

కవర్ పాడాలంటే అనుమతి కావాలా?

అమెరికాలో 1909 చట్టం నుంచి ఒక వెసులుబాటు ఉంది. ఒక పాట అనుమతితో ఒకసారి రికార్డయి విడుదలైతే, నిర్ణీత రాయల్టీ కట్టి ఎవరైనా తమ గొంతుతో రికార్డు చేసుకోవచ్చు. కంట్రీ పాటలు ఇన్ని బ్యాండ్ల చేతులు మారడానికి ఇదొక పెద్ద కారణం. మన దేశంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం మొదటి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి. హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ బ్యాండ్ పెట్టుకుని రికార్డు చేయాలనుకునేవాళ్లు ఒక లాయర్‌తో మాట్లాడి దిగడం మంచిది.

1970లతో ఈ కథ అయిపోయిందా?

లేదు. పంక్ తరంలో వచ్చిన ఎల్విస్ కాస్టెల్లో 1981లో నాష్‌విల్ వెళ్లి ఆల్బమ్ నిండా కంట్రీ కవర్లు పాడాడు. 1990లో సోషల్ డిస్టార్షన్ అనే పంక్ బ్యాండ్ జానీ క్యాష్ హిట్ "రింగ్ ఆఫ్ ఫైర్" పాడింది. అదే ఏడాది అంకుల్ టుపెలో కార్టర్ ఫ్యామిలీ పాడిన పాత పాటని తమ మొదటి ఆల్బమ్‌కి పేరుగా పెట్టుకుంది, ఆ పేరుతో ఒక కొత్త ఉద్యమమే నడిచింది. తర్వాత బండి వెనక్కి కూడా తిరిగింది. జానీ క్యాష్ 1996లో సౌండ్‌గార్డెన్ పాట, 2002లో నైన్ ఇంచ్ నెయిల్స్ పాట పాడాడు.

ఎక్కడినుంచి వినడం మొదలుపెట్టాలి?

ఒకే పాటని జంటగా వినండి, ముందు అసలు, తర్వాత కవర్. బక్ ఓవెన్స్ తర్వాత రింగో. హ్యాగర్డ్ "మామా ట్రైడ్" తర్వాత గ్రేట్‌ఫుల్ డెడ్. లెఫ్టీ ఫ్రిజెల్ 1959లో పాడిన "లాంగ్ బ్లాక్ వెయిల్" తర్వాత "ద బ్యాండ్" అనే రాక్ బృందం 1968లో పాడింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మాటల కన్నా ముందు తాళం లెక్కపెట్టండి.

"బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ" మాత్రం జంటగా కాదు, మూడుసార్లు వినాలి. మొదట మన్రో 1946 రికార్డింగ్, తిస్ర నడకలో. తర్వాత ఎల్విస్ 1954. ఆ తర్వాత, ఎల్విస్ రికార్డు వచ్చిన కొద్ది నెలలకే మన్రో మళ్లీ స్టూడియోకి వెళ్లి చేసిన కొత్త రికార్డింగ్. పెద్దాయన తన పాటని ఎప్పటిలాగే నెమ్మదిగా, ఒకటి-రెండు-మూడు అంటూ మొదలుపెడతాడు. కొంతసేపయ్యాక ఫిడేళ్లు ఒక్కసారి ఊపందుకుంటాయి, నడక నాలుగులోకి మారుతుంది, ఆ కుర్రవాడి వేగంలో మన్రో తన పాటనే పాడుకుంటూ వెళ్లిపోతాడు.